నలుగురు గోబ్లిన్లు, నలుగురు మనుషులు, ఒకే ఒక్క పాచిక: పాత డీ అండ్ డీ స్టార్టర్ సెట్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త సరుకు కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు వేస్తూ ఆడే ఆట, 2014లో దాని ఐదో ఎడిషన్‌తో పాటు విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ వాళ్లు కొత్తవాళ్ల కోసం తెచ్చిన మొదటి స్టార్టర్ సెట్ ఇది, లోపల ఉన్న కథ పేరు లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్. 2022లో దీని స్థానంలో ఇంకో స్టార్టర్ సెట్ వచ్చేసింది కాబట్టి ఇప్పుడు ఇది కావాలంటే కొంచెం వెతుక్కోవాలి. అయినా రాస్తున్నా, ఎందుకంటే "ఏది కొనమంటావ్" అని అడిగిన ప్రతివాడికీ వాట్సాప్‌లో ఇదే కథ టైప్ చేసి చేసి విసుగొచ్చింది.

మా ఇంట్లో ఇది మొదలైంది వీడియో గేమ్ వల్ల. మా పిన్ని కొడుకు ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్ వచ్చి మా ఫ్లాట్‌లో దిగాడు, పగలు ఇంటర్వ్యూలు, రాత్రి తెల్లవార్లూ బాల్డర్స్ గేట్ 3. ఆ గేమ్ ఆడినవాళ్లకి తెలుసు, ఎవరినైనా ఒప్పించాలన్నా, తాళం తీయాలన్నా తెర మీద ఇరవై ముఖాల పాచిక గిర్రున తిరుగుతుంది. మా బావమరిది వెనక నిలబడి చూసీ చూసీ ఒకరోజు అడిగేశాడు, "ఒరేయ్, ఇన్ని కోట్లు పెట్టి గేమ్ తీసి చివరికి పాచికలేంట్రా, వైకుంఠపాళిలా?" అని. ఈ రూల్స్ అన్నీ అసలు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటవి, ఆ ఆట పుట్టిందే 1974లో, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు తయారుచేశారు అని నేను చెప్పడం, వాడు "అయితే తెప్పించు" అనడం, ఆ రాత్రే ఆర్డర్ పెట్టడం జరిగిపోయాయి. రెండు వేల చిల్లర అయింది. డబ్బా ఒక మూల నలిగిపోయి వచ్చింది. అమ్మినవాడికి ఫోటో పంపితే లోపలి వస్తువులు బాగానే ఉన్నాయిగా అన్నాడు. నిజమే, బాగానే ఉన్నాయి, కానీ బహుమతిగా ఇవ్వడానికి కొనేవాళ్లు ఆలోచించుకోండి.

డబ్బా తెరవగానే మొదట వచ్చేది నిరాశ. అంత లోతు డబ్బాలో సగానికి పైగా ఖాళీ, అట్ట పెట్టి ఎత్తు చేశారు. మిగతాది ఏంటంటే 32 పేజీల రూల్స్ పుస్తకం, 64 పేజీల కథ పుస్తకం, ముందే తయారుచేసిన ఐదు పాత్రల షీట్లు, ఆరు పాచికలు. అంతే. బొమ్మలు లేవు, బల్ల మీద పరచుకునే పెద్ద మ్యాప్ లేదు. రెండు పుస్తకాలూ మన నోటు పుస్తకాల్లా పిన్ను కొట్టినవే. బోర్డ్ గేమ్ కొని చెక్క ముక్కలు, కార్డులు, రంగురంగుల టోకెన్లు విడదీసుకునే ఆనందానికి అలవాటుపడినవాళ్లకి ఇది చూస్తే "డబ్బులు దేనికి పెట్టినట్టు" అనిపిస్తుంది. మా ఆవిడ ఆ మాట పైకే అంది.

పాచికల సంగతి వేరే చెప్పాలి. నాలుగు ముఖాలది, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై, ఒక్కొక్కటి ఒక్కటే ఇచ్చారు. ఆటలో ముప్పాతిక వంతు పని ఇరవై ముఖాలదానితోనే. అది వేసి, మీ నైపుణ్యాన్ని బట్టి ఒక అంకె కలిపి, అవతల ఉన్న లక్ష్యాన్ని అందుకున్నారా లేదా చూసుకోవడం, అసలు రూల్ అంతా అదే. అనుకూల పరిస్థితి ఉంటే రెండు సార్లు వేసి పెద్దది తీసుకుంటారు, ప్రతికూలంగా ఉంటే చిన్నది. ఐదుగురి మధ్య ఒకే ఒక్క పాచిక చేతులు మారుతూ, సోఫా కిందకి దొర్లుతూ, టార్చి వేసి వెతుక్కుంటూ ఆడాం మొదటి రెండు వారాలు. తర్వాత ఇంకో రెండు సెట్లు విడిగా కొన్నా. మీరు ముందే కొనేయండి, లేదా ఫోన్‌లో పాచికల యాప్ పెట్టుకోండి, కానీ ఫోన్‌లో వేస్తే ఆ కిక్ రాదు. చేత్తో వేసి ఇరవై పడినప్పుడు మా ఇంట్లో అందరూ "అష్టా!" అని అరుస్తారు. అష్టాచెమ్మా ఆడి పెరిగిన ఇల్లు మరి, గవ్వలు నాలుగూ బోర్లా పడినంత సంబరం. ఒకటి పడితే ఎవరూ ఏమీ అనరు, అదే ఇంకా బాధ.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు మాటలు. ఒకరు కథ నడిపేవాళ్లు, డంజన్ మాస్టర్ అంటారు, అంటే నేను. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుంటారు. నేను "మీ ముందు ఇది ఉంది, ఏం చేస్తారు?" అంటాను, వాళ్లు ఏమైనా చెప్పొచ్చు. ఏమైనా అంటే నిజంగా ఏమైనా. అక్కడే వీడియో గేమ్‌కీ దీనికీ తేడా వస్తుంది.

పాత్రలు పంచుకోవడం దగ్గరే ఈ డబ్బా మంచితనం మొదటిసారి కనిపించింది. షీట్ మీద అంకెలతో పాటు చిన్న గతం కూడా రాసి ఉంటుంది, ఆ గతం కథలోకి ముడిపడి ఉంటుంది. మా ఆవిడ తీసుకున్న దొంగ పాత్రకి రెడ్‌బ్రాండ్స్ అనే రౌడీ ముఠాతో పాత పగ. మా ఆఫీసు స్నేహితుడు తీసుకున్న మరుగుజ్జు పూజారికి, వీళ్లని పనిలో పెట్టుకున్న గండ్రెన్ రాక్‌సీకర్ వరసకి అన్న అవుతాడు. అది చదివిన నిమిషం నుంచి వాడు "మా పెద్దనాన్న కొడుకు కనిపించకపోతే మీకు పది బంగారు నాణేల గోలా?" అని అందరి మీదా ఎగరడం మొదలుపెట్టాడు. తలా పది నాణేలు మరి, బండి సరుకు ఫాండలిన్ అనే ఊరికి చేర్చినందుకు కూలి. బావమరిది కత్తి పట్టే వీరుడు, పిన్ని కొడుకు మంత్రగాడు. వెనక పేజీలో ఐదో లెవెల్ దాకా ఏ లెవెల్‌కి ఏం పెరుగుతుందో రాసేశారు, కొత్తవాళ్లకి ఇది చాలా సుఖం. కానీ సొంతంగా పాత్ర తయారుచేసుకునే పద్ధతి ఈ డబ్బాలో లేదు. దానికి కంపెనీ ఉచితంగా పెట్టిన బేసిక్ రూల్స్ దింపుకోవాలి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మొదటి పోరాటం.

దారిలో రెండు చచ్చిన గుర్రాలు పడి ఉంటాయి, ఒంటి నిండా బాణాలు. అవి గండ్రెన్ వాళ్లవే. దగ్గరికి వెళ్లగానే పొదల్లోంచి నలుగురు గోబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు. ఇద్దరు కత్తులతో మీదకి దూకుతారు, ఇద్దరు దూరంగా నిలబడి బాణాలు వేస్తారు. కాగితం మీద చూస్తే చిన్న పిల్లకాయలు, ఒక్కోదానికి ఏడే హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క. కానీ వాటికి మీ దెబ్బ తగలాలంటే పాచికా, మీ అంకే కలిపి 15 రావాలి, వాటి దెబ్బ తగిలితే మొదటి లెవెల్ మంత్రగాడు రెండు దెబ్బలకి నేల మీద. మా పిన్ని కొడుకు బాల్డర్స్ గేట్‌లో వందల గంటలు ఆడినవాడు, "నిద్ర మంత్రం ఒక్కటి వేస్తే మూడు గోబ్లిన్లు పడుకుంటాయి, చూస్తూ ఉండండి" అని కాలర్ ఎగరేశాడు. వాడి వంతు రాకముందే నా పాచిక మీద ఇరవై పడింది. పడుకుంది వాడే. "లోడ్ చెయ్, లోడ్ చెయ్" అన్నాడు అలవాటుకొద్దీ, వీడియో గేమ్‌లో ఓడితే వెనక్కి వెళ్లి మళ్లీ ఆడినట్టు. ఇక్కడ లోడ్ లేదు నాయనా, ఇప్పుడు నీ వంతు వచ్చినప్పుడల్లా చావుకీ బతుక్కీ పాచిక వేస్తావు, పది ఆపైన మూడు సార్లు వస్తే ప్రాణం నిలబడుతుంది, కింద మూడు వస్తే పోతావు అని చెప్పాక గదిలో ఎవరూ ఫోన్ చూడలేదు. అంతకుముందు దాకా బావమరిది స్కోరు చూసుకుంటూనే ఉన్నాడు.

మొత్తానికి పూజారి వైద్యం చేసి లేపాడు, గెలిచారు, కానీ అది నా పుణ్యం. మూడో గోబ్లిన్ పడగానే నాలుగోది పారిపోతుందని పుస్తకంలో ఉంది, నేను రెండోది పడగానే పారిపోనిచ్చాను. ఒకవేళ పార్టీ ఓడిపోతే గోబ్లిన్లు చంపకుండా దోచుకుని వెళ్లిపోతాయని కూడా పుస్తకమే చెబుతుంది, ఆ లైను నేను చదివినా టెన్షన్‌లో మర్చిపోయా. నా సలహా, ఆడేది నలుగురైతే గోబ్లిన్లని మూడు చేయండి. మొదటి ముప్పావు గంటలో నలుగురూ చచ్చిపోతే రెండో వారం ఎవరూ రారు, మీరు ఎంత బిర్యానీ తెప్పించినా.

ఆ తర్వాత వచ్చే గుహ మాత్రం అద్భుతం, ఇది నేను తేలిగ్గా వాడే మాట కాదు. క్రాగ్‌మా హైడవుట్ అని చిన్న గుహ, లోపల ఒక వాగు పారుతుంటుంది. వెళ్లే దారిలో ఉచ్చు, గొయ్యి, లోపల గొలుసులతో కట్టేసిన తోడేళ్లు, పైన వంతెన మీద కాపలా, అలికిడి వినిపిస్తే కట్టిన నీళ్లు ఒక్కసారిగా వదిలే ఏర్పాటు. ప్రతి గదిలో ఒక కొత్త పాఠం ఉంటుంది, కానీ పాఠం అని తెలియదు. ఆడేవాళ్లకే కాదు నడిపేవాడికి కూడా. ఎప్పుడు దొంగచాటుగా వెళ్లాలి, ఎప్పుడు బేరమాడాలి, ఎప్పుడు పరిగెత్తాలి, ఇవన్నీ ఒక్క గుహలో పెట్టారు. బోర్డ్ గేముల్లో రూల్స్ చెప్పడానికే అరగంట పట్టి అందరూ ఆవలిస్తారు కదా, ఇక్కడ ఆడుతుంటే వచ్చేస్తాయి.

ఆ గుహకి నాయకుడు క్లార్గ్ అని ఒక బగ్‌బేర్, గోబ్లిన్ల పెద్దన్నలాంటి జాతి. వాడికి తన గురించి తాను పెద్ద చక్రవర్తినన్న భ్రమ, మాట్లాడితే "నేను" అనడు, "క్లార్గ్" అంటాడు. పుస్తకంలో ఇంగ్లీషులో ఉన్న డైలాగులు చూసి ఇది ఎవడిలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే మా ఊళ్లో శివరాత్రికి వేసే పద్య నాటకంలో దుర్యోధనుడు గుర్తొచ్చాడు. "ఎవడురా అది? ఈ క్లార్గ్ కొలువులో అడుగుపెట్టేంత మగాడు?" అని తొడ కొట్టి లేచాను. మా ఆవిడ నవ్వాపుకోలేక పాచిక జారవిడిచింది, అది లెక్కలోకి వస్తుందని నేను పట్టుబట్టాను, మూడు పడింది.

నిజానికి ఇక్కడి నుంచే మా ఆట బాగుపడింది. మొదటి వారం పెట్టెల్లో గీసి ఇచ్చిన ఇంగ్లీషు వర్ణనలు ఉన్నదున్నట్టు చదివాను. చదివినంతసేపూ వీళ్లు నలుగురూ స్కూల్లో ఇన్‌స్పెక్షన్ రోజులా కూర్చున్నారు. రెండో వారం నుంచి పుస్తకం మూసేసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టా. పేర్లు కూడా వాళ్లే మార్చేశారు. రెడ్‌బ్రాండ్స్ ఎర్రటి దుప్పట్లు కప్పుకుని తిరుగుతారు కాబట్టి "ఎర్రకండువాలు" అయ్యారు. ఫాండలిన్ ఊరి పెద్ద హార్బిన్ వెస్టర్, రౌడీలంటే భయపడి తలుపేసుకునే రకం, వాడు "సర్పంచ్ గారు". ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే రావాల్సిన అంకె), హిట్ పాయింట్లు, లెవెల్ లాంటివి మాత్రం అలాగే ఉంచాం, వాటికి తెలుగు వెతకబోతే ప్రభుత్వ జీవో చదివినట్టుంటుంది.

గుహలో ఇంకో గోబ్లిన్ ఉంటుంది, యీమిక్ అని, క్లార్గ్ కుర్చీ మీద కన్ను. బందీగా ఉన్న సిల్డార్ అనే పెద్దమనిషిని మెట్టు అంచున పెట్టి "క్లార్గ్ తల తెచ్చివ్వండి, వీణ్ని వదిలేస్తా" అంటుంది. నలుగురూ గంటసేపు వాదించుకున్నారు. వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తగారు అంతసేపూ విని, "ఒరేయ్, పైవాడికి వెన్నుపోటు పొడిచేవాడు మీకు మాట నిలబెట్టుకుంటాడా?" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా పుస్తకంలో ఉంది, యీమిక్‌కి వదిలే ఉద్దేశం ఉండదు, మళ్లీ డబ్బు అడుగుతుంది. నేను ముఖం మామూలుగా పెట్టడానికి ఎంత కష్టపడ్డానో. చివరికి మా ఆవిడ ఏం చేసిందంటే, బండిలో సరుకు జాబితా అడిగింది. పుస్తకంలో అదీ ఉంది. పిండి బస్తాలు, ఉప్పు పట్టించిన పంది మాంసం, రెండు పీపాల సారా, పారలు, గునపాలు, ఐదు లాంతర్లు, ఒక చిన్న పీపా దీపం నూనె. "సారా పీపా ఒకటి లోపలికి దొర్లిద్దాం, తాగి పడుకున్నాక వెళ్దాం" అంది. గోబ్లిన్లు తాగుతాయా అని నన్ను చూశారు అందరూ. పుస్తకంలో లేదు. పాచిక వేయమన్నా, పదిహేడు. తాగాయి.

ఇలాంటిది ఎంత గొప్ప వీడియో గేమ్‌లోనైనా, తయారుచేసినవాళ్లు ముందే ఊహించి పెడితేనే కుదురుతుంది. బాల్డర్స్ గేట్ 3ని నేనేమీ తక్కువ చేయట్లేదు, ఆ బొమ్మలు, ఆ గొంతులు నా వల్ల అవుతాయా. ఒంటరిగా ఉన్నవాళ్లకి అదే మేలు. నాకైతే ఇప్పుడు అది ఆడుతుంటే అవతల ఎవరూ లేనట్టు ఉంటోంది.

సరే, మళ్లీ తిట్లు. మూడో భాగానికి వచ్చేసరికి కథ ఒక్కసారిగా చెల్లాచెదురైపోతుంది. ఊళ్లో ప్రతివాడూ ఒక పని చెబుతాడు, ఇక్కడికి వెళ్లు, అక్కడికి వెళ్లు అని. అసలు వెతకాల్సింది గండ్రెన్‌ని బంధించిన క్రాగ్‌మా కోట ఎక్కడుందని, ఆ సంగతి ఐదారు చోట్ల దొరుకుతుంది, మావాళ్లు సరిగ్గా అవి తప్ప అన్ని చోట్లకీ వెళ్లారు. కొత్తగా నడిపేవాడికి ఇది తలనొప్పి, పుస్తకం అంతా రెండు సార్లు చదివి పేర్లు ఒక కాగితం మీద రాసుకోకపోతే మునిగిపోతారు. ఇక విలన్, బ్లాక్ స్పైడర్. పేరు మాత్రం మొదటి నుంచీ వినిపిస్తుంది, మనిషి కనిపించేది చివరి గుహలో. అప్పటికి వాడి మీద ఎవరికీ కోపం లేదు. మా బావమరిది అయితే "వీడెవడు?" అని అడిగాడు, పాపం, అంత ఘనంగా ప్రవేశపెట్టాక. మధ్యలో ఒకటి రెండు సార్లు వాడి మనుషులతో ఉత్తరాలో బెదిరింపులో పంపి ఉండాల్సింది, నాకు అప్పుడు తట్టలేదు.

ఆ పక్క కథల్లో బంగారంలాంటివీ ఉన్నాయి. అగాథా అని ఒక దెయ్యం, అడవిలో ఉంటుంది. ఆవిడకి వెండి దువ్వెన ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెబితే ఒకే ఒక్క ప్రశ్నకి జవాబిస్తుంది. మా ఆవిడ జుట్టు పొగుడుతూ పాచిక వేస్తే ఇరవై, ఇల్లంతా అష్టా. దెయ్యం కరిగిపోయి ఎదురుగా వచ్చింది. మా పూజారి మర్యాదస్తుడు కదా, చేతులు జోడించి "బాగున్నారా అమ్మా?" అన్నాడు. "బాగున్నాను" అని మాయమైపోయింది. అది ప్రశ్నే కదా మరి! వారం రోజులు ఆఫీసులో నాతో మాట్లాడలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నా, తర్వాతి వారం ఇంకో దారిలో ఆ సమాచారం ఇచ్చేశాను. నడిపేవాళ్లు ఇలాంటి అతితెలివి చూపించకండి.

మ్యాప్‌ల గురించి కూడా ఒక మాట. పుస్తకంలో ఉన్నవి నడిపేవాడి కోసం, ఉచ్చులు, రహస్య తలుపులు అన్నీ గుర్తుపెట్టి ఉంటాయి, చూపించలేం. చార్టు పేపర్ మీద పెన్సిల్‌తో గీసుకున్నాం, చదరంగం పావులు మనుషులు, రాజ్మా గింజలు గోబ్లిన్లు. ఒకసారి రెండు గోబ్లిన్లు నిజంగానే కూరలోకి వెళ్లిపోయాయి.

వేరేవాటితో పోలిస్తే ఎలా అంటే, 2019లో వచ్చిన ఎసెన్షియల్స్ కిట్‌లో పదకొండు పాచికలు, నడిపేవాడి ముందు పెట్టుకునే తెర, పాత్ర తయారుచేసుకునే పద్ధతి, ఇద్దరే ఉన్నా ఆడుకునే వీలు ఉన్నాయి. సరుకు లెక్కన అదే లాభం. అదీ ఇదే ఫాండలిన్ చుట్టూ తిరిగేదే, కానీ కథ ఊరి బోర్డు మీద రాసిన పనులు ఒక్కొక్కటి చేసుకుంటూ పోవడమే, ఇంత ముడి ఉండదు. 2022 స్టార్టర్ సెట్ మూడో లెవెల్‌తో అయిపోతుంది, ఇది ఐదు దాకా వెళ్తుంది. 2023లో ఇదే కథని ముందు పెట్టి, వెనక ఇంకో పెద్ద కథ అతికించి గట్టి అట్ట పుస్తకం వేశారు. రూల్స్ పుస్తకాలు ఇప్పటికే ఉన్నవాళ్లు అది చూడొచ్చు, మొదటిసారి ఆడేవాళ్లకి అనవసరపు బరువు. నన్నడిగితే పాత డబ్బాయే, మూల నలిగినా సరే, ఆ మొదటి గుహ కోసం కొనొచ్చు. ఐదుకి నాలుగు. తగ్గించిన ఒకటి పాచికల పిసినారితనానికీ, ఆ ఖాళీ అట్టకీ.

మాకు మొత్తం తొమ్మిది శనివారాలు పట్టింది, ఒక్కోసారి నాలుగు గంటలు. గని దొరికింది, బ్లాక్ స్పైడర్ పోయాడు, పూజారి తన అన్నని వెతికి పట్టుకున్నాడు. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. థండర్‌ట్రీ అని పాడుబడ్డ ఊళ్లో వెనమ్‌ఫాంగ్ అనే ఆకుపచ్చ డ్రాగన్ ఉంటుంది, మూడో లెవెల్‌లో ఉండగా బావమరిది "ఉత్త బల్లి కదా" అని తలుపు తన్నాడు. ఒక్క విషపు ఊపిరికి ఆరు ముఖాల పాచికలు పన్నెండు వేయాలి, మా దగ్గర అన్ని లేక ఉన్నవే మళ్లీ మళ్లీ వేస్తుంటే వాళ్ల ముఖాలు పాలిపోయాయి. ఇద్దరు అక్కడికక్కడే పడిపోయారు, మిగతా ఇద్దరు వాళ్లని ఈడ్చుకుంటూ పరుగు. ఇప్పుడు అందరూ ఐదో లెవెల్, బావమరిది మాత్రం "ముందు ఆ బల్లి సంగతి చూడాలి బావా" అని రోజూ మెసేజ్ పెడుతున్నాడు. దానికి 136 హిట్ పాయింట్లని వాడికి నేను చెప్పలేదు. ఇంత పొడుగు రివ్యూ వాడు ఎలాగూ చదవడు.